స్టోమా అంచున రక్తస్రావం: కుట్లు వేసినా ఎందుకు తిరగబెడుతోంది?

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు. పురీషనాళ క్యాన్సర్‌కు ఆపరేషన్ చేసి పొట్టపై శాశ్వత కొలాస్టమీ పెట్టారు (పెద్దపేగు చివరను పొట్ట గోడ గుండా బయటికి తెచ్చి, ఆ ద్వారం, అంటే స్టోమా, నుంచి మలం బ్యాగులోకి వచ్చేలా చేశారు). ఆ తరువాత లివర్ సిర్రోసిస్ ఉన్నట్టు తేలింది. ఈమధ్య రెండుసార్లు బ్యాగులోకి బాగా రక్తం వస్తే, స్టోమా దగ్గర కుట్లు వేసి పంపించారు. స్టోమాను మరోచోటికి మార్పిస్తే మంచిదని బంధువులు అంటున్నారు. మార్పించమంటారా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి చూస్తే, ఆ ఆపరేషన్‌కు తొందరపడవద్దనే చెబుతాను. సిర్రోసిస్‌లో లివర్ గట్టిపడడం వల్ల, పేగుల నుంచి దానికి రక్తాన్ని చేరవేసే పోర్టల్ సిరలో ఒత్తిడి పెరిగి, ముందుకు సాగలేని రక్తం పక్కదారులు పడుతుంది. ఎక్కువమందిలో అన్నవాహిక సిరలు ఉబ్బుతాయి. స్టోమా ఉన్నవారిలో పేగు చర్మానికి అతుక్కున్న అంచు దగ్గర కూడా, పేగు సిరలు పొట్ట గోడలోని సిరలతో కలిసి ఉబ్బుతాయి. స్టోమాను ఎక్కడికి మార్చినా అలాంటి అంచు మళ్లీ ఏర్పడుతుంది కనుక, లివర్‌లో ఒత్తిడి తగ్గనంతకాలం సిరలు అక్కడా ఉబ్బే అవకాశం ఉంది. పైగా సిర్రోసిస్ రోగికి పొట్ట ఆపరేషన్ మామూలు విషయం కాదు.

బ్యాగు మార్చేటప్పుడు స్టోమా చుట్టూ చర్మాన్ని వెలుతురులో గమనించండి. ఊదా రంగు వలయం కనిపించి, వేలితో మెల్లగా నొక్కితే పాలిపోయి, వదలగానే మళ్లీ రంగు తేలితే ఉబ్బిన సిరలేనని అనుమానించాలి. రక్తం వస్తే ఆయనను పడుకోబెట్టి, బ్యాగు తీసి, రక్తం చిమ్ముతున్న చోటునే శుభ్రమైన గాజుగుడ్డతో పది, పదిహేను నిమిషాలు గట్టిగా అదిమి పట్టుకోండి. ఆగిందో లేదో చూద్దామని మధ్యలో తీయకండి. ఎక్కువగా పోతున్నా, కళ్లు తిరుగుతున్నా, అదిమిపట్టే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. చర్మానికి అంటించే బ్యాగు ప్లేటు రంధ్రం బిగుతుగా ఉంటే అంచు ఒరుసుకుంటుంది, కాబట్టి స్టోమా కంటే రెండు మూడు మిల్లీమీటర్లు వెడల్పుగా కత్తిరించాలి. డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు సొంతంగా వేయకండి.

కుట్లు ఆ పూటకు ప్రాణం కాపాడతాయి, అందుకు అవి అవసరమే. అయితే అసలు చికిత్స ఒత్తిడి మీద జరగాలి. కార్వెడిలాల్, ప్రొప్రనొలాల్ వంటి మందులు కొందరికి సరిపోతాయి. రక్తస్రావం తిరగబెడుతున్నవారికి మెడలోని సిర గుండా లివర్‌లోకి వెళ్లి, పోర్టల్ సిర రక్తానికి స్టెంట్‌తో దారి కల్పించే 'టిప్స్' చికిత్స ఉంది. ఒత్తిడి బాగా తగ్గాక కూడా ఇలాంటి సిరల నుంచి రక్తం రావచ్చు కనుక, వాటిని కాయిల్స్‌తోనో జిగురుతోనో మూసివేసే ఎంబొలైజేషన్‌ను టిప్స్‌తో పాటే చేయడం మేలని నా అభిప్రాయం. టిప్స్ తరువాత కొందరిలో మతిమరుపు, మగత, తికమక కనిపిస్తాయి; కామెర్లు ముదిరినవారికి, గుండె బలహీనంగా ఉన్నవారికి అది పనికిరాదు. అలాంటివారికి ఒక్క ఎంబొలైజేషనే చేసినా కొంతకాలం ఊరట దొరుకుతుంది.

కనుక హెపటాలజిస్టు (లివర్ నిపుణుడు), ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు (టిప్స్, ఎంబొలైజేషన్ వంటివి చేసే డాక్టరు) ఇద్దరూ ఉన్న ఆసుపత్రిలో నాన్నగారికి కాంట్రాస్ట్ సీటీ (రక్తనాళాలు స్పష్టంగా కనిపించేలా మందు ఎక్కించి తీసే స్కాన్), అన్నవాహిక ఎండోస్కోపీ చేయించండి. లివర్ మార్పిడి ప్రస్తావన వస్తే, క్యాన్సర్ ఎన్నేళ్లుగా తిరగబెట్టకుండా ఉందన్నది మొదట చూస్తారు కాబట్టి ఆపరేషన్ నాటి బయాప్సీ రిపోర్టు, డిశ్చార్జి సమ్మరీ వెంట తీసుకెళ్లండి.