పుస్తకమంతా కంఠతా పట్టాలా, డీఎం గారూ?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోల. అచ్చులో దొరికే అడ్వెంచర్ పుస్తకం (ఆడటానికి ముందే రాసిపెట్టిన కథ) కొనేశాం, ఆడటానికి నలుగురు దొరికారు, ఇక ఎక్కడ మొదలెట్టాలో తెలియట్లేదు అని. ఈ ఆట పేరు ఇప్పుడే వింటున్నవాళ్లకు రెండు ముక్కలు: డంజియన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తీసుకొచ్చిన ఆట. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లలో ఒకరు డంజియన్ మాస్టర్, అందరూ డీఎం అంటారు. కథ, లోకం, శత్రువులు అన్నీ డీఎం చేతిలో ఉంటాయి, మిగతావాళ్లకు తలా ఒక పాత్ర. ఏం చేస్తామో నోటితో చెప్తారు, జరుగుతుందో లేదో అనుమానమైతే ఇరవై ముఖాల పాచిక వేస్తారు. ఇక ఉత్తరాల్లోకి.

ప్రశ్న: లాస్ట్ మైన్ ఆఫ్ ఫాండెల్వర్ అనే అడ్వెంచర్ ఉన్న స్టార్టర్ సెట్ కొన్నాను. డీఎంగా ఇదే మొదటిసారి. పుస్తకం మూడుసార్లు చదివి 40 పేజీల నోట్సు రాసుకున్నా, ఏదీ బుర్రలో నిలవట్లేదు. వచ్చే ఆదివారమే ఆట. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

ముందు ఆ నోట్సు అటకెక్కించండి. 64 పేజీల పుస్తకానికి 40 పేజీల నోట్సంటే అది ప్రిపరేషన్ కాదు, ఎత్తిరాత. నేనూ మొదటిసారి ఇదే చేశాను, పైగా నాలుగు రంగుల పెన్నులతో. ఆట మొదలైన పది నిమిషాలకి ఒకడు నేను ఊహించని ప్రశ్న ఒకటి అడిగాడు, ఆకుపచ్చ పెన్నులో రాశానా ఎర్ర పెన్నులో రాశానా అని నేను వెతుక్కుంటుంటే మిగతావాళ్లు ఫోన్లు తీశారు.

గదులు గుర్తుపెట్టుకోకండి, ఎవరికి ఏం కావాలో గుర్తుపెట్టుకోండి. (ఈ కథలో పాత్ర వేయబోయేవాళ్లు దయచేసి ఇక్కడ ఆపి పేజీ తిప్పేయండి, కిందంతా గుట్టు విప్పేస్తున్నా.) రాక్‌సీకర్ అన్నదమ్ములు ముగ్గురు మరుగుజ్జు జాతివాళ్లు, ఎప్పుడో జాడ తప్పిన పాత గనిని కనిపెట్టారు. ఆ గని నెజ్నార్ అనే విలన్‌కి కావాలి, వాడికి బ్లాక్ స్పైడర్ అని మారుపేరు. అందుకని గాబ్లిన్‌లని (పొట్టి రాక్షసుల్లాంటివి) పంపి గండ్రెన్ రాక్‌సీకర్‌ని ఎత్తుకుపోయేలా చేశాడు, ఫాండలిన్ ఊళ్లో జనం నోరెత్తకుండా రెడ్‌బ్రాండ్స్ అనే రౌడీ మూకని పెట్టాడు. అంతే కథ. ఈ మూడు వాక్యాలు మీకు నిద్రలో లేపి అడిగినా వస్తే, ఆటగాళ్లు ఏ మూల నుంచి వచ్చినా మీరు తడబడరు.

ఇదే పద్ధతి చిన్న పాత్రలకీ పనికొస్తుంది. మొదటి గుహలో యీమిక్ అని ఒక గాబ్లిన్ ఉంటాడు, వాడి చేతిలో సిల్డర్ హాల్‌వింటర్ అనే యోధుడు బందీ. యీమిక్‌కి తన బాసు క్లార్గ్ అంటే ఒళ్లుమంట, క్లార్గ్ తల తెస్తే బందీని వదిలేస్తా అని బేరం పెడతాడు. ఇది తెలిస్తే చాలు. మీ వాళ్లు కత్తులు దూసి వచ్చినా, పిల్లుల్లా చప్పుడు లేకుండా వచ్చినా, మాటలతో బుట్టలో వేద్దామని వచ్చినా యీమిక్ ఏం అంటాడో మీకు ముందే తెలుసు, ఆ గది ఎన్ని అడుగుల వెడల్పో మర్చిపోయినా కొంపేం మునగదు.

ఇక ఆదివారం సంగతి. మొత్తం పుస్తకం ఒక్కసారి కథలా చదివేసి వదిలేయండి, మొదటి భాగం మాత్రం నమిలి మింగండి. నాలుగు గంటలు ఆడితే దారిలో మాటు, గాబ్లిన్ గుహ, ఈ రెండూ అయితే గొప్ప. దారికి అడ్డంగా రెండు చచ్చిన గుర్రాలు, పొదల్లో నాలుగు గాబ్లిన్‌లు. గాబ్లిన్ లెక్కలు ఒక చిన్న అట్టముక్క మీద రాసి ఎదురుగా పెట్టుకోండి: ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలాలంటే దాటాల్సిన అంకె) 15, హిట్ పాయింట్లు (ఎంత దెబ్బ తట్టుకుంటుందో ఆ లెక్క) 7, అది కొట్టే దెబ్బ సగటున 5. దాని కింద పెద్ద అక్షరాలతో "కొట్టి దాక్కుంటాయి" అని రాయండి. గాబ్లిన్‌కి బోనస్ యాక్షన్‌తో (తన వంతులో దొరికే అదనపు చిన్న పని) దాక్కోవడమో తప్పుకోవడమో చేసే వీలుంది, కొత్త డీఎంలు ఇది మర్చిపోయి నాలుగింటినీ వరసగా నిలబెట్టి కొట్టించుకుంటారు. దాంతో పోరు చప్పగా అయిపోతుంది.

క్లార్గ్ దగ్గర మాత్రం జాగ్రత్త. వాడి దెబ్బ రెండు ఎనిమిది ముఖాల పాచికలు ప్లస్ రెండు, సగటున 11. మొదటి లెవెల్ మాంత్రికుడికి ఉండేవే 8 చిల్లర హిట్ పాయింట్లు కాబట్టి ఒక్క దెబ్బకే నేలమీద ఉంటాడు. అలా పడ్డవాళ్లని క్లార్గ్ చంపుతాడా, బంధిస్తాడా అన్నది ఆట మధ్యలో కాదు, ముందు రోజు రాత్రే తేల్చుకోండి. దారిలో మాటు దగ్గర ఓడిపోతే ఏమవుతుందో పుస్తకమే చెప్పింది, గాబ్లిన్‌లు వాళ్లని స్పృహలేని స్థితిలో వదిలి బండి దోచుకుని పోతాయి. నాకైతే అదే న్యాయం గుహలోనూ నచ్చుతుంది. బందీలుగా కళ్లు తెరిస్తే కథ ముందుకెళ్తుంది, మొదటి రోజే అందరూ చస్తే కొత్త క్యారెక్టర్ షీట్లు నింపుకుంటూ కూర్చోవాలి.

ఫాండలిన్‌కి చేరాక పేర్ల వాన మొదలవుతుంది. సత్రం ఆయన, కొట్టు ఆయన, పూజారిణి, పాత సాహసికుడు, ఊరి పెద్ద... చదివేవాడికే గుర్తుండవు, వినేవాడికి ఎలా ఉంటాయి? నలుగురిని పట్టుకుని మిగతావాళ్లని తెరవెనకే ఉంచండి. నా ఓటు హాలియా థార్న్‌టన్‌కి (పైకి వ్యాపారం, లోపల ఆ రౌడీ మూకని తన గుప్పిట్లో పెట్టుకోవాలన్న ఆశ), క్వెలిన్ ఆల్డర్‌లీఫ్ కొడుకు కార్ప్‌కి. రెడ్‌బ్రాండ్స్ దాక్కున్న చోటుకి దొంగదారి ఆ కుర్రాడికి తెలుసు. అయితే మీ వాళ్లు పిల్లాడితో మాట్లాడకపోతే? దొరికిన రౌడీని నిలదీసినా ఆ చోటు తెలియాలి, ఊళ్లోవాళ్లు పాత కోట శిథిలాల వైపు చెయ్యి చూపించినా తెలియాలి. తప్పనిసరిగా తెలియాల్సిన సంగతికి మూడు దారులైనా పెట్టుకోవాలన్నది ఈ ఆటలో బాగా నలిగిన సూత్రం. ఒకటి గమనించరు, ఒకటి తప్పుగా అర్థం చేసుకుంటారు, మూడోది పట్టుకుంటారు.

ప్రశ్న: మావాళ్లు గండ్రెన్‌ని వెతకడం మానేసి ఊళ్లో సత్రం కొని నడుపుతాం అంటున్నారు. పుస్తకంలో అది లేదు కదా, కాదనాలా?

కాదనకండి, కొననివ్వండి. కాకపోతే కథ ఎటు పోతోందన్నది వాళ్లకి పట్టకపోయినా నెజ్నార్‌కి పడుతుంది. వీళ్లు బల్లలు తుడుస్తున్న వారం రోజుల్లో వాడేం చేశాడు? ఒక కాగితం మీద నాలుగైదు గీతలు గీసుకోండి: రౌడీలు మామూళ్ల కోసం సత్రానికి వస్తారు, ఒకరు కనిపించకుండా పోతారు, గని గురించి ఊళ్లో గుసగుసలు లేస్తాయి, ఇలా. ఆట ముగిసిన ప్రతిసారీ ఒక గీత కొట్టేయండి. సత్రం మీద మనసు పడ్డవాళ్లకి ఆ సత్రమే గాలం, రెడ్‌బ్రాండ్స్ వచ్చి వాళ్ల పీపాలు పగలగొడితే ఎవరూ బతిమాలకుండానే కత్తులు తీస్తారు.

ఇంకొకటి, నాకు పదేళ్లకి గానీ తట్టని చిట్కా. ఆట ముగించే ముందు, అందరూ లేవకముందే, "వచ్చేసారి ఎటు వెళ్తారు?" అని అడిగేయండి. వాళ్లు ఏది చెప్తే అదే ప్రిపేర్ అవ్వండి. మాట మార్చి ఇంకోవైపు పోతే "ఇవాళ నా దగ్గర ఆ ముక్క రెడీగా లేదు, పావుగంట టైమివ్వండి" అని మొహం మీద చెప్పేయొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు.

ప్రశ్న: పుస్తకంలో డీఎం చదివి వినిపించడానికని పెట్టెల్లో పెట్టిన వర్ణనలు ఇంగ్లీషులో ఉన్నాయి. మేం ఆడేది తెలుగులో. అలాగే చదవాలా? నాకు గొంతులు మార్చడం కూడా రాదు.

చదవకండి. ఇంగ్లీషులో చదివి మళ్లీ తెలుగులో చెప్తే గాబ్లిన్‌లు మాటేసిన సంగతి వార్తల బులెటిన్‌లా ఉంటుంది. పెట్టెలోంచి మూడే తీసుకోండి: కంటికి ఏం కనిపిస్తోంది, చెవికో ముక్కుకో ఏం తగులుతోంది, కదులుతున్నదేంటి. వాటిని మీ మాటల్లో చెప్పేసి "ఏం చేస్తారు?" అని ఆపేయండి. ఆర్మర్ క్లాస్, హిట్ పాయింట్లు, ఇనిషియేటివ్ (పోరులో ఎవరి వంతు ముందో తేల్చేది) లాంటివి అలాగే వాడుకోండి. వాటికి తెలుగు మాటలు కట్టాలని ఓ ఏడాది ప్రయత్నించి నవ్వులపాలయ్యాను. గొంతులంటారా, ఒక్కో పాత్రకి ఒక అలవాటు చాలు. ఒకడు మాట్లాడేటప్పుడు తలుపు వైపు చూస్తుంటాడు, ఒకామె ప్రతి ప్రశ్నకీ ఎదురు ప్రశ్న వేస్తుంది. గొంతు కంటే అదే ఎక్కువ గుర్తుంటుంది.

ప్రశ్న: అది పూర్తయ్యాక కర్స్ ఆఫ్ స్ట్రాడ్ మొదలెడదామని ఉంది. తొందరపడుతున్నానా?

కొంచెం. 2016లో వచ్చిన ఆ పుస్తకం 1983 నాటి రేవెన్‌లాఫ్ట్ అనే పాత అడ్వెంచర్ మీద కట్టింది, పాత్రలు ఒకటి నుంచి పదో లెవెల్ దాకా వెళ్తాయి. మంచి పుస్తకమే, కానీ అది భయానక కథ, అందులో పిల్లలకి జరిగే ఘోరాలు కూడా ఉన్నాయి. అందుకే మొదటి ఆటకంటే ముందు ఒక రోజు పాచికలు ముట్టకుండా కూర్చుని మాట్లాడుకోండి, సెషన్ జీరో అంటారు. ఎవరికి ఏది పడదు, ఏది తెరమీద వద్దు, ఆట మధ్యలో ఇబ్బందైతే ఎలా ఆపాలి అన్నవి అక్కడే తేల్చుకోవాలి. సిగ్గుపడి నోరు విప్పనివాళ్లు ఉంటారు, వాళ్లని విడిగా అడగండి.

ప్రిపరేషన్ పరంగా రెండు తేడాలు. ఆ కథలో జోస్యం చెప్పే పేకముక్కలు ఉంటాయి, ఆయుధాలు ఎక్కడున్నాయో, స్ట్రాడ్ అనే రక్తపిశాచితో చివరి పోరు వాడి కోటలో ఎక్కడో అవే నిర్ణయిస్తాయి. ఆ ముక్కలు ముందే ఇంట్లో తీసి చూసుకోండి, మరీ పేలవంగా వస్తే మార్చేయండి, ఎవరికీ చెప్పక్కర్లేదు. రెండోది, అక్కడ ఆటగాళ్లు ఎటైనా పోవచ్చు, తమ శక్తికి మించిన చోటుకి కూడా. దారి పక్క పాత గాలిమరలో ముగ్గురు నైట్ హ్యాగ్‌లు (మంత్రగత్తెల్లాంటి రాక్షసులు) ఉంటారు, చిన్న లెవెల్లో అక్కడికెళ్లిన బృందాలు చాలానే మట్టికరిచాయి. పారిపోవడం కూడా ఒక ఎత్తే అని సెషన్ జీరోలోనే చెప్పి పెట్టండి. కొందరికి ఆ ఆలోచనే రాదు.

ప్రశ్న: మా బృందంలో ఒకరు ఈ అడ్వెంచర్ ఇంతకుముందే ఆడేశారట. ఆపేద్దామా?

ఎందుకు? ఆయన్ని పక్కకి పిలిచి అడగండి, ఎంత గుర్తుందో, చూసీ చూడనట్టు ఉండగలరో లేదో. సరే అంటే ఆడండి. అన్నింటికీ ముందే జవాబు చెప్పే రకమైతే ఫాండలిన్ రౌడీల నాయకుడిని ఇంకొకరిగా మార్చేయండి, దొంగదారి ఇంకోచోట పెట్టండి. ఆ మార్చిన సంగతి ఆయనకి మాత్రం చెప్పకండి.