డీజిల్ పని అయిపోయిందంటున్నారు, అబ్బాయిని పుణె పంపొచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి వరంగల్‌లో మెకానికల్ డిప్లొమా పూర్తి చేశాడు. పుణెలో ఇండస్ట్రియల్ ఇంజన్లు తయారుచేసే కంపెనీలో సెలెక్ట్ అయ్యాడు. అన్నీ ఎలక్ట్రిక్ అవుతుంటే డీజిల్ కంపెనీ ఎన్నాళ్లుంటుందని చుట్టాలు అంటున్నారు. పంపాలా, బీటెక్‌లో చేర్చాలా? – ఒక తండ్రి, పరకాల

జవాబు: నిశ్చింతగా పంపండి. మీ చుట్టాలు కార్లు, స్కూటర్లను చూసి మాట్లాడుతున్నారు. మీవాడు చేయబోయేది జనరేటర్లకు, కంప్రెసర్లకు, ఫైర్ పంపులకు వాడే ఇంజన్లు. హైదరాబాద్‌లో డేటా సెంటర్లు వస్తున్నాయి కదా, కరెంటు పోతే వాటిని నిలబెట్టేది ఈ జనరేటర్లే. ఆసుపత్రులకైనా అంతే.

పుణెలో కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ 1946లో మొదలైంది. మన ఊళ్లలో బావుల దగ్గర ఆయిల్ ఇంజన్లు మీరు చూసే ఉంటారు. కరెంటు మోటార్లు వచ్చాక అవి మూలపడ్డాయి, కానీ కంపెనీ మూతపడలేదు. జనరేటర్ల మార్కెట్‌లో పెద్దదైంది. చుట్టాలకు ఈ సంగతి చెప్పండి.

నాకు టెన్షన్ అల్లా మీవాడు ఏం నేర్చుకుంటాడన్న దాని గురించే. 2023 జులై 1 నుంచి 800 కిలోవాట్ల వరకు జనరేటర్లకు సీపీసీబీ (కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి) 4 ప్లస్ అనే కఠినమైన పొగ నిబంధనలు వచ్చాయి. దాంతో చాలా ఇంజన్లలో డీజిల్ ఎప్పుడు, ఎంత కొట్టాలో కంప్యూటరే చూసుకుంటోంది. సైలెన్సర్ వైపు పొగను శుభ్రం చేసే ఏర్పాటు, దానికి సెన్సర్లు వచ్చాయి. ఒకప్పుడు మంచి మెకానిక్ చప్పుడు విని రోగం చెప్పేవాడు. ఇప్పుడు ల్యాప్‌టాప్ తగిలించి ఫాల్ట్ కోడ్ చదవాలి, ఆ కోడ్ ఎందుకొచ్చిందో ఇంజన్ తెలిసినవాడే పట్టుకోగలడు. ఈ రెండూ వచ్చిన కుర్రాళ్లు దొరకడం కష్టం. రేపు గ్యాస్ ఇంజన్లు పెరిగినా ఈ పనితనం పనికొస్తుంది.

అందుకని అసెంబ్లీ లైన్‌లో బోల్టులు బిగిస్తూ ఉండిపోకుండా టెస్టింగ్‌కో, సర్వీస్‌కో మార్చమని మొదటి ఏడాదిలోనే అడగమనండి. టెస్టింగ్‌లో ఇంజన్‌ను డైనమోమీటర్‌కు, అంటే ఇంజన్ శక్తిని కొలిచే యంత్రానికి, కలిపి, లోడ్ పెంచుతూ ఆయిల్ ప్రెషర్, పొగ, వేడి చూస్తారు. ఇంజన్ అంటే ఏమిటో అక్కడ తెలిసినంతగా తరగతిలో తెలియదు.

బీటెక్ ఎక్కడికీ పోదు. తర్వాత డిప్లొమా చేసినవాళ్లకు పెట్టే ఈసెట్ ప్రవేశ పరీక్ష రాసి నేరుగా రెండో సంవత్సరంలో చేరొచ్చు.

రైలెక్కించే ముందు ఆఫర్ లెటర్ ఒకసారి శ్రద్ధగా చదవండి. అప్రెంటిస్ అని ఉంటే గడువు అయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నియమం లేదు. ట్రైనీ అని ఉంటే పర్మనెంట్ ఎప్పుడు చేస్తారో, బాండ్ ఉందో లేదో, హాస్టల్ ఇస్తారో లేదో హెచ్‌ఆర్‌ను అడిగి మెయిల్‌లో రాయించుకోండి.