కాలు ఎత్తాలంటే ఏ బట్ట? డాన్స్ డ్రెస్సుల మీద మీ ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం 1920ల డ్రెస్సుల మీదే. యాన్యువల్ డేల సీజన్ కదా, రెట్రో థీమ్ అనగానే అందరికీ ఫ్లాపర్ అమ్మాయిలే, అంటే ఆ రోజుల్లో పశ్చిమ దేశాల ఫ్యాషన్ అమ్మాయిలే గుర్తొస్తున్నట్టున్నారు, పొట్టి జుట్టు, మోకాళ్ల దాకా గౌను, తలకి పట్టీ. అందుకే ఈసారి పేజీ అంతా దానికే ఇచ్చేస్తున్నా.

ప్రశ్న: మా కాలేజ్ ఫంక్షన్‌కి ఫ్రెండ్స్ అందరం కలిసి చార్లెస్టన్ డాన్స్ చేస్తున్నాం. అద్దె షాప్‌లో ఒంటికి అతుక్కునే లియోటార్డ్‌కి నడుం నుంచి కుచ్చులు వేలాడేసిన డ్రెస్ చూపించి ఇదే ఫ్లాపర్ డ్రెస్ అంటున్నారు. నిజంగా అప్పుడు ఇలాగే వేసుకునేవాళ్లా? (డిగ్రీ స్టూడెంట్, బ్రాడీపేట, గుంటూరు)

లేదమ్మా, దాదాపు ఉల్టా. ఫ్లాపర్ గౌను స్పెషాలిటీ అంతా ఒంటికి అతుక్కోకపోవడమే. భుజాల మీంచి తిన్నగా కిందకి జారే గౌను అది, నడుం దగ్గర ఎక్కడా పట్టి ఉండదు, బెల్టు గానీ కుట్టు గానీ ఏదున్నా తుంటి దగ్గరికి దిగిపోయి ఉంటుంది. అంతకుముందు తరం ఆడవాళ్లు కార్సెట్ అని గట్టి పుల్లలు పెట్టి తాళ్లతో బిగించే లోదుస్తు వేసుకునేవాళ్లు, ఊపిరి పూర్తిగా పీల్చుకోవడమే కష్టం, ఇక డాన్స్ ఎక్కడ. పారిస్‌లో పాల్ పొయిరే అనే డిజైనర్ 1906 ప్రాంతం నుంచే కార్సెట్ లేని గౌన్లు తెచ్చాడు, బాల్‌రూమ్ డాన్సర్ ఐరీన్ కాజిల్ కార్సెట్ వదిలేసి, జుట్టు కూడా పొట్టిగా కత్తిరించుకుంటే 1915 నాటికి అమెరికా అమ్మాయిలు ఆవిడ్ని చూసి కత్తెర పట్టుకున్నారు, ఆ తర్వాత మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో ఆడవాళ్లు ఫ్యాక్టరీలకీ ఆఫీసులకీ వెళ్లడం మొదలయ్యాక పాత బట్టల్లోకి తిరిగి వెళ్లడం ఎవరి వల్లా కాలేదు.

ఇక చార్లెస్టన్. అది నల్లజాతి అమెరికన్ల డాన్స్, ఈ మాట మీ యాంకర్ చేత స్టేజ్ మీద తప్పకుండా చెప్పించు, ఎందుకంటే ఫొటోల్లో ఎక్కువగా తెల్ల అమ్మాయిలే కనిపించి ఆ సంగతి మరుగున పడిపోతోంది. 1923లో బ్రాడ్‌వేలో నల్లజాతి కళాకారులే వేసిన 'రన్నిన్ వైల్డ్' అనే షోతో, అందులో జేమ్స్ పి. జాన్సన్ కట్టిన పాటతో అది ఊరూరా పాకిపోయింది. మోకాళ్లు లోపలికీ బయటికీ తిప్పాలి, కాలు ముందుకీ వెనక్కీ విసరాలి, పొడుగు గౌనుతో అది జరిగే పని కాదు. 1920లో పిక్కల కింద దాకా ఉన్న అంచు 1926, 27 వచ్చేసరికి మోకాలి దాకా ఎక్కింది, దశాబ్దం చివర మళ్లీ దిగింది. అంచు దగ్గర ప్లీట్లు, ముక్కోణం గుడ్డలు, కోణాలు కోణాలుగా వేలాడే అంచులు, ఇవన్నీ కాలికి చోటివ్వడానికే. చెప్పులకి పాదం మీద పట్టీ ఉండేది, లేకపోతే విసురుకి చెప్పు ఎగిరి ముందు వరసలో పడుతుంది కదా.

కుచ్చులు అసలు లేవని కాదు, ఉన్నాయి, కానీ అప్పటి డాన్స్ గౌన్లలో ఎక్కువగా కనిపించేది పూసల పని. మెడ నుంచి అంచు దాకా వరసలు వరసలుగా పాలిస్టర్ కుచ్చులు కుట్టిన డ్రెస్ ఉందే, అది తర్వాతి కాలం సినిమాలూ కాస్ట్యూమ్ షాపులూ మన బుర్రలో ఎక్కించిన బొమ్మ, పాలిస్టర్ పుట్టిందే 1941లో. నా సలహా, ఆ అద్దె డబ్బులకి కాస్త కలిపి బెజవాడ వస్త్రలత బట్టల మార్కెట్‌లో జార్జెట్ తీసుకోండి, ముందో పలక వెనకో పలక, నడుం షేపు లేకుండా కుట్టించండి, టైలర్ అలవాటు కొద్దీ డార్ట్‌లు, అంటే షేపు కోసం లోపలికి మడిచే కుట్లు వేసేస్తాడు, ముందే చెప్పి ఆపండి. తుంటి దగ్గర రిబ్బన్, అక్కడి నుంచి పక్కల ప్లీట్లు, లోపల స్లిప్, దాని కింద సైక్లింగ్ షార్ట్స్. అద్దె డ్రెస్ కన్నా అందంగా ఉంటుంది, పైగా కాలు ఎంత పైకి లేపినా ఎక్కడా పట్టెయ్యదు.

ప్రశ్న: మా పాప జిమ్నాస్టిక్స్ నేర్చుకుంటోంది, కోచ్ లియోటార్డ్ వేసుకు రమ్మన్నారు. ఇంట్లో పెద్దవాళ్లు "ఇదేం ఆడపిల్ల బట్ట, ఫారిన్ ఫ్యాషన్" అని గొడవ. అసలు ఇది ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరు మొదలుపెట్టారు? (ఒక అమ్మ, మొగల్రాజపురం, విజయవాడ)

అత్తయ్యగారికి ముందు ఇది చెప్పండి, లియోటార్డ్ మొదలుపెట్టింది ఆడవాళ్లు కాదు, మగవాడు, అదీ ఫ్యాషన్ కోసం కాదు, ప్రాణం కోసం. ఫ్రాన్స్‌లో తులూజ్ కుర్రాడు జూల్ లియోటార్ 1859 నవంబర్ 12న పారిస్‌లోని సర్కస్‌లో మొదటిసారి ఒక ట్రపీజ్ ఊయల వదిలేసి గాల్లో ఎగిరి ఇంకో ఊయల పట్టుకున్నాడు. అలా ఎగిరేటప్పుడు వదులు చొక్కా తాడుకి చిక్కుకుంటే అంతే సంగతులు, అందుకని ఒంటికి పట్టినట్టుండే అల్లిక బట్ట వేసుకున్నాడు. తను మాత్రం దాన్ని మయో అనేవాడు, పాపం 1870లోనే పోయాడు, ఆ బట్టకి ఆయన పేరు స్థిరపడింది ఆ తర్వాతే.

అక్కడి నుంచి అది సర్కస్ వాళ్ల బట్టగా చాలా ఏళ్లు ఉండిపోయింది. ఫ్లాపర్ రోజుల్లో కూడా మామూలు డాన్స్ క్లాసులో లియోటార్డ్ పెద్దగా కనపడదు, బాలే నేర్చుకునే పిల్లలు పొట్టి ట్యూనిక్ వేసుకునేవాళ్లు, స్టేజ్ షోల్లో వరసగా నిలబడి ఆడే కోరస్ అమ్మాయిలు రిహార్సల్‌కి నూలు రాంపర్లు, అంటే మన చిన్నపిల్లలకి వేసే జుబ్బా నిక్కరు కలిసిపోయినట్టుండే బట్ట, అది వేసుకునేవాళ్లు. బిగుతు బట్ట మీద గొడవలు కూడా మీ ఇంట్లో మొదలైనవి కావు, 1911లో నిజిన్‌స్కీ లాంటి మహా డాన్సర్‌ని, మగవాడే మళ్లీ, టైట్స్ పైన నిక్కరు వేసుకోకుండా స్టేజ్ ఎక్కాడని రష్యా రాజుగారి థియేటర్ వాళ్లు ఉద్యోగంలోంచి తీసేశారు!

ఆ తర్వాత పదమూడేళ్లకి అదే నిజిన్‌స్కీ చెల్లెలు బ్రోనిస్లావా నిజిన్‌స్కా పారిస్‌లో 'లె త్రాన్ బ్లూ' అనే బాలే చేసింది, 1924 జూన్‌లో. సముద్రం ఒడ్డున సరదాగా గడిపే డబ్బున్న కుర్రాళ్ల కథ. దానికి బట్టలు చేసింది పారిస్ డిజైనర్ కోకో షనెల్, బాలే అంటే టూటూ అనే విచ్చుకున్న కుచ్చుల గౌనే అనుకునే జనం ముందు డాన్సర్లని జెర్సీ అల్లిక బట్టతో చేసిన ఈత డ్రెస్సుల్లో నిలబెట్టింది. జెర్సీ అంటే షనెల్ తన గౌన్లకి వాడకముందు ఎక్కువగా మగవాళ్ల లోదుస్తులకి వాడే గుడ్డ. నాకు ఆ మొత్తం దశాబ్దంలో బాగా ఇష్టమైన సంగతి ఇదే, ఆట బట్ట, డాన్స్ బట్ట, బయట తిరిగే బట్ట మూడూ దగ్గరికొచ్చిన చోటు అది. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మొదటిసారి ఆడవాళ్ల జిమ్నాస్టిక్స్ కూడా పెట్టారు.

ఇంట్లో వాళ్ల బాధ కాళ్లు కనిపిస్తాయనే అయితే దారి ఉంది. టోక్యో ఒలింపిక్స్‌లో జర్మనీ అమ్మాయిలు చీలమండల దాకా ఉండే యూనిటార్డ్ వేసుకుని పోటీ చేశారు, రూల్స్ ఒప్పుకుంటాయి. కోచ్‌తో మాట్లాడి అది కుట్టించండి. కానీ వదులు చుడీదార్‌తో మాత్రం బార్ ఎక్కనివ్వకండి, గుడ్డ చేతికి అడ్డం పడితే పట్టు జారుతుంది, కోచ్ అడిగింది పాప భద్రత కోసమే.

ప్రశ్న: నేను మగ్గం వర్క్ చేస్తాను. ఆ కాలం గౌన్ల ఫొటోల్లో పూసల పని చూశాను, మెషీన్ పనా, చేతి పనా? మనం చేయగలమా? (వర్కర్, వన్‌టౌన్, విజయవాడ)

చేయగలమా అని అడుగుతున్నారా, అది మీ పనే అండీ! మీ చేతిలో ఉన్న ఆరీ సూది లాంటి కొక్కెం సూదితోనే వాళ్లూ చేశారు. 18వ శతాబ్దంలో మన తూర్పు దేశాల నుంచే ఆ గొలుసుకుట్టు యూరప్ వెళ్లింది, అక్కడ గుండ్రటి ఫ్రేముకి గుడ్డ బిగించి చేసేవాళ్లు. ఫ్రాన్స్‌లో లూనెవిల్ అనే ఊరు పూసల పనికి పెట్టింది పేరు, వాళ్ల పద్ధతిలో ఒక తేడా ఉంది, మీరు పూసని పైనుంచి సూదికి ఎక్కించి కుడతారు కదా, వాళ్లు పూసలన్నీ ముందే దారానికి గుచ్చేసుకుని, గుడ్డ తిరగేసి బిగించి వెనక వైపు నుంచి కుట్టేవాళ్లు, పూసలు కింద పడతాయి, చేసేవాళ్లకి కనిపించవు, వేళ్లతో తడిమి చూసుకుంటూ వెళ్లడమే. చెయ్యి తిరిగితే చాలా వేగంగా నడుస్తుంది. రష్యా విప్లవం తర్వాత పారిస్ పారిపోయి వచ్చిన రాజవంశం ఆవిడ, గ్రాండ్ డచెస్ మారియా పావ్లోవ్నా, 1921లో కిత్మీర్ అని ఎంబ్రాయిడరీ షాపు పెట్టి షనెల్‌కే పని చేసిపెట్టింది. 1922లో ఈజిప్టులో టుటన్‌ఖామన్ సమాధి బయటపడ్డాక తామరపూలు, రెక్కల పురుగులు, ఈజిప్టు డిజైన్లన్నీ పూసల్లోకి దిగిపోయాయి.

ఒక్క జాగ్రత్త. గొలుసుకుట్టులో దారం ఒక చోట తెగితే వరస వరసంతా జారిపోతుంది, పెళ్లి జాకెట్ అయితే కూర్చుని ఉంటారు కాబట్టి పర్లేదు, డాన్స్ బట్ట అలా కాదు, అందుకని ప్రతి రెండు మూడు అంగుళాలకి వెనక ముడి వెయ్యండి. పూసల బరువుకి పల్చటి జార్జెట్ చిరుగుతుంది, లోపల నెట్ వేసుకోండి. మ్యూజియంలలో ఇప్పటికీ ఆ గౌన్లని హ్యాంగర్‌కి తగిలించరు, పరిచి పెడతారు, తగిలిస్తే సొంత బరువుకే భుజాల దగ్గర చిరిగిపోతాయి. కానీ ఆ బరువే అందం, డాన్సర్ ఆగాక కూడా గౌను ఇంకో క్షణం ఊగుతుంది, కుచ్చులకి ఆ ఊపు రాదు.

ప్రశ్న: లైక్రా లేని రోజుల్లో టైట్స్ ఎలా సాగేవి? (ఇంటర్ విద్యార్థిని, తెనాలి)

పెద్దగా సాగేవి కావు. ఉన్ని, నూలు, పట్టు దారాలతో అల్లేవాళ్లు, అల్లిక కాబట్టి కొంచెం సాగుతుంది, కానీ తిరిగి బిగుసుకోదు, కాసేపటికే మోకాళ్ల దగ్గర సంచుల్లా తయారయ్యేది. మేజోళ్లకి చవకగా దొరికే కృత్రిమ పట్టు వచ్చింది, 1924లో అమెరికాలో దానికి రేయాన్ అని పేరు పెట్టారు, మెరుపు ఎక్కువని అమ్మాయిలు మీద పౌడర్ రాసుకునేవాళ్లు. నైలాన్ మేజోళ్లు 1940లో, లైక్రా అనే సాగి మళ్లీ బిగుసుకునే దారం 1958లో. ఇప్పుడు మనం వేసుకునే లియోటార్డ్ అచ్చంగా ఆ దారం చలవే. మే నెల బెజవాడ ఎండలో ప్రాక్టీస్ చేసేటప్పుడు మాత్రం నూలు శాతం ఎక్కువున్నది చూసి కొనుక్కో.

ప్రశ్న: అదే సమయంలో మన దగ్గర డాన్స్ బట్టల్లో ఏం జరుగుతోంది? (కూచిపూడి టీచర్, సత్యనారాయణపురం, విజయవాడ)

మీకు తెలియంది కాదు, ఇక్కడికి దగ్గర్లోనే కూచిపూడిలో అప్పటికి ఆడవేషం కూడా మగవాళ్లే కట్టేవాళ్లు. గుడి డాన్సర్లది చీరకట్టు. అయితే ఆ పదేళ్లలోనే రెండు ప్రపంచాలు ఒక చోట తగిలాయి. బాలే డాన్సర్ అన్నా పావ్లోవా 1920లలో రెండుసార్లు ఇండియా వచ్చింది, 1923లో మన డాన్సర్ ఉదయ్ శంకర్‌తో కలిసి రాధాకృష్ణుల డాన్స్ చేసింది, తర్వాత భరతనాట్యంలో పేరు తెచ్చుకున్న రుక్మిణీదేవి అరండేల్‌కి బాలే నేర్చుకునే దారి చూపించి, మీ దేశం కళల వైపు కూడా చూడమని చెప్పింది కూడా ఆవిడే. రుక్మిణీదేవి 1935లో మద్రాసు అడయార్‌లో స్టేజ్ ఎక్కాక కుట్టిన కాస్ట్యూమ్ మొదలైంది, ఒక ఇటాలియన్ దర్జీ మహిళ సాయం చేసింది దానికి. ఈరోజు మీ పిల్లలు వేసుకునే పైజామా కట్టు, మధ్యలో విసనకర్రలా విచ్చుకునే కుచ్చిళ్లు, అరమండిలో, అంటే మోకాళ్లు పక్కలకి వంచి సగం కూర్చున్నప్పుడు తొడలకి చోటు, అదంతా అక్కడి నుంచి పెరిగిందే.

మీరు రాసిన ఇంకో మాటకి కూడా జవాబు. రెడీమేడ్ కాస్ట్యూమ్స్ పిల్లలకి అరమండిలో పట్టేస్తున్నాయి అన్నారు. కొలతలు నిలబెట్టి తీస్తున్నారేమో చూడండి. అరమండిలో కూర్చోబెట్టి నడుం నుంచి మోకాలికీ, మోకాలి నుంచి మడమకీ విడివిడిగా తీయించండి, తొడల మధ్య ముక్క ఒక అంగుళం ఎక్కువ వదలమనండి, ధర్మవరం పట్టు అయితే అస్తరు నూలుదే వేయించండి.