ధర ముందు కనబడాలి

ప్రశ్న: ఇక్కత్ చీరలు అమ్మడానికి వెబ్‌సైటు పెట్టాం. చూసినవాళ్లు కొనకుండానే వెళ్లిపోతున్నారు. ఏం మార్చాలి?
– ఒక పాఠకురాలు, భూదాన్ పోచంపల్లి

జవాబు: అమ్మా, మీ సైటును నా ఫోనులో తెరిచాను. మొదటి తెర నిండా మగ్గం ఫొటోయే. చీర, ధర కనబడేసరికి నాలుగుసార్లు వేలితో జరపాల్సి వచ్చింది. కొనేవారు ముందు చూసేది అంచు, కొంగు, ధర. వాటిని పైకి తెండి. లేత పసుపు మీద తెల్లని అక్షరాలు నా కళ్లకు ఆనలేదు; అక్షరానికీ వెనుక రంగుకూ వెలుగు తేడా కనీసం 4.5:1 ఉండాలని వెబ్ ప్రమాణాలు చెబుతున్నాయి. తెలుగులో గుడులు పైకి, వత్తులు కిందికి వస్తాయి కనుక వరుసల మధ్య ఇంగ్లీషుకన్నా ఎక్కువ జాగా వదలండి. మగ్గం ఫొటోను మాత్రం తీసేయకండి. ‘మా గురించి’ పేజీలో, నేసినవారి మాటలతో కలిపి పెట్టండి. మీ చీరను నేను నమ్మింది ఆ ఫొటో చూసే.