అమ్మానాన్నలతో రిగ్లీ ఫీల్డ్‌కు వెళ్తున్నారా? ముందు సీటు సంగతి చూసుకోండి

జూన్‌లో వచ్చే అమ్మానాన్నలకు షికాగోలో ఒక బేస్‌బాల్ ఆట చూపించాలని ఉంది, ఇల్లు శివారులోని నేపర్‌విల్‌లో, నాన్నగారికి మోకాళ్ల నొప్పులు, ఇద్దరూ శాకాహారులు, ఎలా వెళ్లాలి, ఏ సీట్లు కొనాలి అని ఒకరు అడిగారు. నేను షికాగో జట్టు కబ్స్ అభిమానిని, వాళ్ల సొంత మైదానమే రిగ్లీ ఫీల్డ్. మా అమ్మానాన్నలనూ అత్తమామలనూ అక్కడికి తీసుకెళ్లినవాడిని కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను: మిగతావన్నీ ఎలాగోలా సర్దుకుంటాయి, సీటు ఒక్కటి కుదరకపోతే మూడు గంటలూ అవస్థే.

రిగ్లీ ఫీల్డ్ 1914 నాటి కట్టడం. పై అంతస్తును మోసే ఇనుప స్తంభాలు ఇప్పటికీ ప్రేక్షకుల మధ్యనే ఉన్నాయి. చవగ్గా దొరికింది కదా అని 200 సెక్షన్లలో (కింది అంతస్తు వెనక భాగం) బాగా వెనక కొన్నారంటే, మీకూ బంతి విసిరే పిచర్‌కూ మధ్య సరిగ్గా ఒక స్తంభం నిలబడి ఉండవచ్చు. పైగా అక్కడ పైఅంతస్తు కిందికి దిగి ఉండటంతో, ఎత్తుగా లేచిన బంతి కాసేపు కనబడదు. అలాగని 200లను వదిలేయకండి. వాటి ముందు వరుసల్లో, మూడో బేస్ వైపు (బ్యాటరు వెనకనుంచి చూస్తే ఎడమ పక్క), పెద్దవాళ్లకు అంతకంటే మంచి చోటు లేదన్నది నా అభిప్రాయం. పగటి ఆట సాధారణంగా 1:20కి మొదలవుతుంది. ఎండ ముందుగా తప్పుకునేది అటువైపే. చినుకు పడినా చాలా వరుసల మీద పై అంతస్తు కప్పు ఉంటుంది. కబ్స్ ఆటగాళ్లు కూర్చునే డగౌట్ కూడా అటే. కొనేముందు ఆ సీటు నుంచి మైదానం ఎలా కనిపిస్తుందో ఫోటో చూడండి. పై అంతస్తులోని 400 సెక్షన్లంటే ఎక్కడం ఎక్కువ, మోకాళ్లు ఒప్పుకోవు. బ్లీచర్స్‌లో, అంటే మైదానం అవతలి చివర కప్పు లేని గ్యాలరీలో, వీపు ఆనించని బల్లలు, నెత్తిన ఎండ, చుట్టూ బీర్ల సందడి. అక్కడికి స్నేహితులతో ఇంకోసారి వెళ్లండి.

చిరకాల ప్రత్యర్థులైన కార్డినల్స్‌తోనో ఇదే నగరంలోని వైట్ సాక్స్‌తోనో ఆట అంటే ధర చుక్కలనంటుతుంది. వారం మధ్యలో, పెద్దగా పోటీ లేని జట్టు వచ్చినప్పుడు చూడండి. పెద్దవాళ్లకు ప్రత్యర్థి ఎవరైనా ఒకటే.

కారు వద్దు. చుట్టూ ఇళ్ల వీధులే, రాత్రి ఆటలప్పుడు పర్మిట్ లేని బండిని లాక్కుపోతారు. నేపర్‌విల్‌లో మెట్రా రైలు ఎక్కి యూనియన్ స్టేషన్‌లో దిగండి. అక్కడినుంచి స్టేట్ స్ట్రీట్ కింద ఉన్న జాక్సన్ స్టేషన్‌కు పావుగంట నడక, నాన్నగారికి కష్టమైతే ట్యాక్సీ. హోవర్డ్ వైపు వెళ్లే రెడ్ లైన్ మెట్రో ఎక్కి అడిసన్‌లో దిగితే మైదానం ఎదురుగానే.

తిండి విషయంలో మాత్రం అదృష్టవంతులు. బయటి ఆహారాన్ని ఒక్కొక్కరికి సరిపడా పొట్లాలుగా లోపలికి తీసుకెళ్లనిస్తారు, సీలు తీయని నీళ్ల సీసా కూడా. అమ్మగారి చేత పులిహోర కలిపించి ఎవరి డబ్బా వారికి కట్టేయండి. మా అత్తగారు ఐదో ఇన్నింగ్స్‌లో (బేస్‌బాల్‌లో తొమ్మిది ఉంటాయి) మూత తీయగానే ఇంగువ పోపు వాసనకు ముందు వరుసలోని తాతగారు వెనక్కి తిరిగి, అదేమిటని అడిగి రెండు చెంచాలు తిన్నారు! లోపల కొనాలంటే ప్రెట్జెల్, పాప్‌కార్న్, వేరుశెనగలు ఉంటాయి. హాట్ డాగ్ అంటే గొడ్డుమాంసమని ముందే చెప్పండి. నగదు తీసుకోరు, కార్డు ఉండాలి. సంచుల కొలతల నిబంధనలు మారుతుంటాయి, బయలుదేరేముందు జట్టు వెబ్‌సైట్‌లో చూసుకోండి.

జూన్ అని స్వెటర్ ఇంట్లో వదిలేయకండి. మిషిగన్ సరస్సు మైలు దూరంలోనే ఉంది, గాలి అటునుంచి తిరిగిందంటే మధ్యాహ్నమే వణుకు పుడుతుంది. స్కోరుబోర్డు మీది జెండాలు ఎటు ఎగురుతున్నాయో నాన్నగారికి చూపించండి. బయటికి వీస్తే హోమ్ రన్లు, అంటే మన సిక్సర్ల లాంటివి; లోపలికి వీస్తే సిక్సరు కావలసిన బంతి కూడా క్యాచ్ అయిపోతుంది. ఆ స్కోరుబోర్డు 1937 నాటిది, ఇప్పటికీ లోపల మనుషులు కూర్చుని చేత్తోనే అంకెలు మారుస్తారు. ఇటుక గోడ మీది ఐవీ తీగ కూడా అదే ఏడాది నాటినది. బంతి అందులో చిక్కుకుంటే ఫీల్డరు చేతులెత్తేస్తాడు, బ్యాటరుకు రెండు బేస్‌లు ఇస్తారు. క్రికెట్ చూసేవాళ్లకు ఇది తెగ నచ్చుతుంది. ఇంకో సంగతి, ప్రేక్షకుల్లోకి వచ్చిన బంతిని తిరిగి ఇవ్వనక్కర్లేదు, పట్టుకున్నవారిదే. ఎదుటి జట్టు హోమ్ రన్ కొడితే మాత్రం బ్లీచర్స్‌లోని జనం బంతిని మైదానంలోకి విసిరేయమని గోల చేస్తారు.

ఏడో ఇన్నింగ్స్ మధ్యలో అందరూ లేచి పాట పాడతారు, మీరూ లేవండి. ఆట అయిపోగానే అడిసన్ స్టేషన్‌కు పరుగెత్తకండి, మెట్ల దగ్గర ఇసుక వేస్తే రాలనంత జనం. నాన్నగారితో తర్వాతి స్టేషన్ బెల్‌మాంట్ దాకా నడవడం కుదరదు కాబట్టి సీట్లలోనే ఇరవై నిమిషాలు కూర్చోండి. కబ్స్ గెలిస్తే స్కోరుబోర్డు మీద W అక్షరమున్న తెల్ల జెండా ఎక్కిస్తారు, ఫోటోలకు అదే సమయం. రాత్రి ఆటైతే నేపర్‌విల్‌కు తిరుగు మెట్రా రైళ్లు బాగా తక్కువ. చివరిది ఎన్నింటికో చూసుకుని, అవసరమైతే ఎనిమిదో ఇన్నింగ్స్‌లోనే లేవండి.