పంతొమ్మిది రోజుల పొదుపుతో బొమ్మ సైన్యం కొంటారా?

చికాగో దగ్గరి నేపర్‌విల్ నుంచి ఒక పాఠకుడు రాసిన ఉత్తరం ఇది. కొంచెం కుదించి ఇస్తున్నాను.

"నాకు 36 ఏళ్లు. హెచ్‌1బీ వర్క్ వీసా మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా ఆవిడది నా మీద ఆధారపడిన హెచ్‌4 వీసా, వర్క్ పర్మిట్ ఇంకా రాలేదు. ఐదేళ్ల పాప ఉంది. నెలకు 7,600 డాలర్లు చేతికొస్తాయి. ఇంటి అద్దె, హైదరాబాద్ ఫ్లాట్ ఈఎంఐ, ఖమ్మంలో అమ్మానాన్నలకు పంపేది, ఇంటి ఖర్చు అన్నీ కలిపి 6,300 అవుతాయి. సేవింగ్స్‌లో 4,000 ఉంది. మా తాతగారు మద్రాస్ రెజిమెంట్‌లో పనిచేశారు. ఆ అభిమానంతో బ్రిటన్స్ కంపెనీ పాత సీసపు బొమ్మ సైనికులు, ముఖ్యంగా ఇండియన్ ఆర్మీ సెట్లు సేకరిస్తున్నాను. చికాగో పక్కన షామ్‌బర్గ్‌లో సెప్టెంబరులో జరిగే పాత బొమ్మ సైనికుల ప్రదర్శనకు వెళ్లాలని ఉంది. ఒక డీలర్ నాకోసం ఆరు సెట్లు పక్కన పెడతానన్నాడు. నాలుగు రాత్రుల హోటల్‌తో కలిపి 9,000 డాలర్లు అవుతుంది. కంపెనీ ద్వారా ఉన్న రిటైర్మెంట్ ఖాతా 401కె మీద 6,000 లోన్ తీసుకుని, మిగతా 3,000 పదిహేను నెలల సున్నా వడ్డీ కార్డు మీద పెడదామనుకుంటున్నాను. ఈ బొమ్మలు ఇక తయారు కావు కాబట్టి ఐదేళ్లలో ధర రెట్టింపవుతుందని మిత్రుడు అంటున్నాడు. దీన్ని పెట్టుబడిగా చూడొచ్చా?"

చూడకూడదు. జవాబు అక్కడితో అయిపోయింది. అయినా ఇంత పొడుగు ఎందుకు రాస్తున్నానంటే, బొమ్మల మాట తీసేసి ఆ చోట కెమెరా, కారు, హవాయి ట్రిప్ అని ఏది పెట్టినా ఇదే ఉత్తరం నాకు ఏడాదికి ఎన్నోసార్లు వస్తుంది.

మీ లెక్కే మీకు చెబుతాను. నెలకు 6,300 అంటే రోజుకు 210 డాలర్లు. మీ దగ్గరున్న 4,000 పంతొమ్మిది రోజులకు సరిపోతుంది. హెచ్‌1బీ మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే దొరికే గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఐ-94లో, అంటే అమెరికాలో ఉండటానికి ఇచ్చిన అనుమతిలో, తేదీ అంతకుముందే ముగుస్తుంటే గడువు ఆ తేదీ దాకానే. ఆ అరవై రోజుల్లో కొత్త ఉద్యోగం వెతుక్కోవాలి, కొత్త కంపెనీ చేత పిటిషన్ వేయించుకోవాలి, లేదా సర్దుకుని విమానం ఎక్కాలి. అద్దె ఆగదు, హైదరాబాద్ ఈఎంఐ అసలే ఆగదు. అరవై రోజులకు 12,600 కావాలి. మీ దగ్గర 4,000 ఉంది. తక్కువ పడేది 8,600.

మీరు బొమ్మల కోసం అప్పు చేయబోతున్నది 9,000. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి ఒకసారి చూడండి. మీ ఆవిడకు కూడా చూపించండి. ఉత్తరం మొత్తంలో ఈ ప్రదర్శన గురించి ఆవిడ ఏమన్నారో ఒక్క ముక్క లేదు, అది నేను గమనించాను.

ఇక 401కె లోన్. "వడ్డీ మనకే కదా వచ్చేది" అని నాతో వాదించని ఎన్నారై లేడు. మనకే వస్తుంది, నిజమే. కానీ ఆ లోన్ మీ ఉద్యోగానికి కట్టేసి ఉంది. మీ వీసా, మీ జీతం, మీ కుటుంబం హెల్త్ ఇన్సూరెన్స్ ఇప్పటికే ఆ ఒక్క కొయ్యకే వేలాడుతున్నాయి. దానికే మీరు ఈ లోన్ కూడా తగిలిస్తున్నారు. ఉద్యోగం పోతే చాలా ప్లాన్లలో మిగిలిన లోన్ మొత్తం కట్టమంటారు. ఆ ఏడాది ట్యాక్స్ రిటర్న్ గడువులోపు ఆ సొమ్ము సర్దకపోతే దాన్ని మీరు వెనక్కి తీసుకున్న డబ్బుగా లెక్కేస్తారు. దాని మీద ఇన్‌కమ్ ట్యాక్స్ పడుతుంది, పైగా 10 శాతం పెనాల్టీ. ఉద్యోగం పోయిన ఏడాదికే ఈ బిల్లు కూడా వస్తుంది.

2023 మొదట్లో, టెక్ కంపెనీలు వేలల్లో మనుషుల్ని తీసేస్తున్న రోజుల్లో, ఒక జంట నా దగ్గరకు వచ్చింది. 401కె లోన్ తీసి ఇంటికి ఫర్నిచర్ కొన్నారు. ఉద్యోగం పోయిన ఐదో వారానికి ఆ సోఫాని ఆన్‌లైన్‌లో పావు ధరకు అమ్మకానికి పెట్టారు. కొంటానన్నవాడు ఇంకా తగ్గించమన్నాడట. ఆయన అది నవ్వుతూనే చెప్పాడు గానీ ఆవిడ నవ్వలేదు.

సోఫాకు కనీసం రోడ్డు అవతల ఉన్నవాడైనా దొరుకుతాడు. బ్రిటన్స్ సెట్లు అరవై రోజుల్లో ఎవరికి అమ్ముతారు? డీలర్ తన లాభం చూసుకునే కొంటాడు, కాబట్టి మీరు పెట్టిన దాంట్లో సగం ఇచ్చినా గొప్పే. వేలం సంస్థకు ఇస్తే కేటలాగ్‌లో ఎక్కి, అమ్ముడై, కమిషన్ పోను చెక్కు చేతికొచ్చేసరికి నెలలు పడుతుంది. కొనేవాడు కూడా పాట ధర మీద ప్రీమియం కట్టాలి కాబట్టి అంత తగ్గించే పాడతాడు. లాభమొస్తే సంతోషమే గానీ, ఏడాది దాటాక అమ్మినా సేకరణ వస్తువుల లాభం మీద అమెరికాలో పన్ను 28 శాతం దాకా ఉండొచ్చు. షేర్లకు ఉండే తక్కువ రేటు వీటికి వర్తించదు. మీ మిత్రుడు ఇదేమైనా చెప్పాడా?

"ఇక తయారు కావు కాబట్టి" అన్న వాదన కూడా అంత గట్టిది కాదు. 1893లో విలియం బ్రిటన్ జూనియర్ లోపల గుల్లగా పోత పోసే పద్ధతి కనిపెట్టింది సీసం ఖర్చు తగ్గించడానికే. అప్పటిదాకా మార్కెట్‌ను ఏలిన లోపల గుల్ల లేని జర్మన్ బొమ్మల కంటే ఇవి చవక. అందుకే లండన్ పిల్లల చేతుల్లోకి లక్షల్లో వెళ్లాయి. 1966లో సీసపు బొమ్మలు ఆగిపోయేదాకా డెబ్బై ఏళ్లకు పైగా పోత పోస్తూనే ఉన్నారు. అరుదు అనదగ్గవి కొన్ని సెట్లే. వాటిలోనూ ధర వచ్చేది అసలు ఎర్ర పెట్టె ఉండి, రంగు మొదటిదే అయి, తుపాకీ మొనలూ చేతులూ విరగకుండా ఉన్నవాటికే. కొత్తగా రంగు వేసిన సెట్టుకీ అసలు సెట్టుకీ తేడా పట్టడానికి ఏళ్ల అనుభవం కావాలి. ఆ అనుభవం మీకు ఎదురుగా కూర్చున్న డీలర్‌కు ఉంటుంది.

మూడేళ్ల క్రితం ఒక క్లయింట్ వెంట నేనూ ఆ ప్రదర్శనకు వెళ్లాను. చూడముచ్చటగా ఉంటుంది, అబద్ధం చెప్పను. అసలు షో ఆదివారం. అంతకు ముందు రోజుల్లో డీలర్లు హోటల్ గదుల్లోనే దుకాణం పెడతారు. మంచం మీద దుప్పటి పరిచి దాని మీద బల్లేలు పట్టిన గుర్రపు సైనికులు, ఏనుగు బళ్లు, బ్యాండ్ మేళాలు. గది తలుపు తీసి ఉంటే లోపలికి వెళ్లి బేరమాడొచ్చు. మద్రాసు సిపాయిల సెట్టు ముందు మా క్లయింట్ పది నిమిషాలు నిలబడిపోయాడు. మీ తాతగారి మాట చదవగానే నాకు అదే గుర్తొచ్చింది. కానీ ఆ గదుల్లో నేను గమనించింది ఇంకొకటి ఉంది. బేరమాడుతున్నవాళ్లలో తల నెరవనివాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. చిన్నప్పుడు వీటితో ఆడుకున్న తరం ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు, వాళ్ల అల్మారాలు మార్కెట్లోకి వస్తున్నాయి. ఐదేళ్ల తర్వాత మీ దగ్గర రెట్టింపు పెట్టి కొనేది ఎవరో నాకైతే కనపడలేదు.

సరే, ఏం చేయాలి?

మొదట 12,600. నెలకు మీకు మిగిలేది 1,300. జులై నుంచి మొత్తం ఆ నిధికే వేస్తే జనవరి జీతంతో ఆ గీత దాటుతారు. లోనూ కార్డూ తీసుకుని ఉంటే వాటి కిస్తీలకే అందులో 300కు పైగా నెలనెలా పోయేది. ఈ డబ్బు వడ్డీ కాస్త ఎక్కువొచ్చే సేవింగ్స్ ఖాతాలో ఉండాలి. షేర్లలో వద్దు. ఇండియాకు పంపేసి ఎఫ్‌డీలోనూ వద్దు, ఎందుకంటే ఆ అరవై రోజుల్లో ఖర్చు ఇక్కడ, డాలర్లలో. అరవై రోజులు కనీసం మాత్రమే. హెచ్‌1బీ కుటుంబానికి నేను ఆరు నెలలు అడుగుతాను, అంటే మీకు 37,800. దాని మీద ముగ్గురికీ ఒకవైపు టికెట్లు, కోబ్రా ప్రీమియం. కంపెనీ ఇన్సూరెన్స్ పోయాక అదే కవరేజీ కొనసాగించాలంటే కంపెనీ కట్టే వాటా కూడా మీరే కట్టాలి, దాని మీద ఇంకో 2 శాతం. ఆ ప్రీమియం నెలకు ఎంతో మీ హెచ్‌ఆర్‌ను ఇప్పుడే అడిగి రాసి పెట్టుకోండి. చాలామంది ఆ అంకె మొదటిసారి చూసేది ఉద్యోగం పోయాకే.

అంత పెద్ద అంకె చూసి నిరుత్సాహపడతారని తెలుసు. ఆరు నెలల నిధి నిండేదాకా బొమ్మలు ముట్టుకోవద్దని నేను అనను. అలా అంటే ఎవరూ పాటించరు. జనవరిలో 12,600 దాటాక నెలకు 1,100 నిధికి, 200 మీ సరదాకు. వచ్చే ఏడాది సెప్టెంబరు నాటికి 1,600 డాలర్లు చేతిలో ఉంటాయి. అప్పు లేకుండా ఒక మంచి సెట్టు వస్తుంది. డీలర్ పక్కన పెట్టిన ఆరింటిలో ఏ ఒక్కటి లేకపోతే మీకు నిద్ర పట్టదో, దాన్ని కొనండి.

టర్మ్ పాలసీ కంపెనీది కాకుండా మీ సొంతానిది ఒకటి ఉండాలి. ఖమ్మంలో అమ్మానాన్నలకు హెల్త్ పాలసీ లేకపోతే దాని ప్రీమియం కూడా బొమ్మల కంటే ముందే. ఫ్లాట్ లోన్ ముందుగా తీర్చడం, ఐఆర్‌ఏ అనే సొంత రిటైర్మెంట్ ఖాతా లాంటివి వచ్చే ఏడాది మాట్లాడుకుందాం.

మరి ఈ సెప్టెంబరు? వెళ్లండి. నేపర్‌విల్ నుంచి షామ్‌బర్గ్ ముప్పావు గంట దారి. అంత దగ్గర ఇల్లు పెట్టుకుని నాలుగు రాత్రుల హోటల్ ఏమిటండీ? అర్ధరాత్రి దాకా గదులు తిరగడంలో మజా ఉందని మా క్లయింట్ కూడా అన్నాడు. పగలు తిరిగి రాత్రికి ఇంటికొచ్చి పడుకోండి. లేదా ఆదివారం ఒక్కరోజు వెళ్లండి. కార్డులు ఇంట్లో వదిలేసి జేబులో నగదు 150 డాలర్లు పెట్టుకోండి. సాయంత్రం అవుతుంటే, తిరిగి మోసుకెళ్లడం ఎందుకని డీలర్లు కాస్త మెత్తబడతారు. పెట్టె లేని, ఆడి అరిగిన విడి సైనికులు పదీ ఇరవై డాలర్లకే దొరుకుతారు. ఒక ఆరుగురిని ఏరుకోండి. సంక్రాంతి బొమ్మల కొలువులో పై మెట్టు మీద నిలబెట్టడానికి ఆరుగురు చాలు.

పై మెట్టు అని ఊరికే అనలేదు. అవి సీసం, పైన పూసిన పాత రంగులోనూ సీసం ఉండొచ్చు. ఐదేళ్ల పాప చేతికి అందకూడదు, మీరు పట్టుకున్నాక కూడా చేతులు కడుక్కోండి.

డీలర్‌కు ఈ వారమే రాయండి, సెట్లు వేరేవాళ్లకు ఇచ్చుకోమని. హోటల్ గది ఉచితంగా రద్దు చేసుకునే చివరి తేదీ ఎప్పుడో ఈ రాత్రికే చూడండి.