ఎడారిలో మన పిట్టకి చుట్టముంది

ఒరే అల్లుడూ,

నీకు జైసల్మేర్ పోస్టింగ్ వచ్చిందని అక్క ఫోన్లో చెప్పింది. అక్కడి ఎడారి నేల మీద తిరిగే చిన్న పిట్ట, బ్లాక్ క్రౌన్డ్ స్పారో లార్క్‌ని ఎలా గుర్తుపట్టాలని అడిగేవు కదా, ముందు సంక్రాంతికి రా, నాతో ఓ పూట నాగావళి ఒడ్డు బీళ్లలో తిరుగు. దాని చుట్టం యాషీ క్రౌన్డ్ స్పారో లార్క్ ఇక్కడ కోతలయిన చేలల్లోనే ఉంటాది, దీన్ని చూసిన కన్నుకి అది తేలిక.

రెండూ పిచ్చుకంత కూడా ఉండవు, లావుపాటి ముక్కు, చెట్టెక్కే అలవాటు లేదు. మనిషి అలికిడైతే ఎగిరిపోవు, నేలకి అతుక్కుపోతాయి, నువ్వు దాదాపు కాలు పెట్టేస్తావనగా బుర్రుమని లేచి వంకరటింకరగా ఎగిరి కాస్త దూరంలో మళ్లీ దిగిపోతాయి. దిగిన చోటు మీంచి కన్ను తీసేవా, అయిపోయింది.

మగదాని తల చూడు. మనదానికి నడినెత్తి బూడిద రంగు, కంటిమీంచి నల్లగీత. ఎడారిదానికి నడినెత్తి నలుపు, నుదురు మాత్రం తెల్లగా సున్నం బొట్టు పెట్టినట్టుంటాది. బుగ్గ తెలుపు, గొంతు నుంచి పొట్టంతా నలుపు రెండిటికీ ఉన్నాయి, అందుకే పొట్ట చూసి పేరు చెప్పీకు, రాజస్థాన్లో యాషీ కూడా ఉంది.

ఆడదాంతోనే తంటా. ఇసక రంగులో ఏ గుర్తూ లేకుండా ఉంటాది, నేనైతే మొదట్లో మన ఆడపిట్టల్నే ఊరపిచ్చుకలని రెండేళ్లు డైరీలో రాసుకున్నాను, ఇప్పుడు తీసి చూస్తే సిగ్గేస్తాది. ఎడారిదాని వీపు మీద గీతలు తక్కువ, ఎగిరేటప్పుడు రెక్కల అడుగు నల్లగా కనపడతాది, మిగతా లార్క్‌ల నుంచి విడదీయడానికి అది పనికొస్తాది. అయినా ఒంటరి ఆడదాన్ని చూసి తొందరపడకు, కూర్చో, మగడొస్తాడు.

ఇంకోటి, ఆ ఎడారిది ఒకచోట స్థిరంగా ఉండే పిట్ట కాదు. వాన ఎక్కడ పడి గడ్డి గింజ పట్టిందో అక్కడికి గుంపులుగా పోతాది. కిందటేడు కనపడిన చోటే ఈ ఏడూ ఉంటాదని జీపు కట్టించుకుని పోకు, ఎక్కడ వాన పడిందో మేకలు కాసుకునేవాళ్లని అడుగు, పొద్దున్నే వెళ్లు, నీళ్లు పట్టుకెళ్లు.

ఫోటో తీస్తే మగదాన్ని ముఖం కనపడేలా పక్కనుంచి తియ్యి. వీపు ఫోటో వాట్సాప్‌లో పెట్టి మావయ్యా ఇదేటి అనడక్కు, దానికీ మట్టిగడ్డకీ నాకూ తేడా తెలీదు.

మీ మావయ్య,
శ్రీకాకుళం